ఎదురుకాళ్ళు

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావలసిన చోట నా పాదాలు ముందు వచ్చాయట. ఆ కాన్పులో అమ్మ ప్రాణం మీదికి వచ్చింది గానీ, ఊళ్ళో వాళ్ళకు గుర్తుండిపోయింది అది కాదు. అలా పుట్టినవాళ్ళ చేత తొక్కించుకుంటే నడుం పట్టు వదిలిపోతుందని మా వైపు నమ్మకం. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఊరు. వలలు లాగి లాగి నడుం పట్టెయ్యని మగాడు అక్కడ ఉండడు. అంచేత నాకు నడక వచ్చినప్పటి నుంచీ పని తప్పలేదు.

వేట నుంచి వచ్చినవాడు వచ్చినట్టే మా వాకిట్లో బోర్లా పడుకునేవాడు. వీపు మీద ఉప్పు తెల్లగా ఎండిపోయి ఉండేది. దాని మీద చెమట, చేపపొలుసులు, గుట్కా కంపు. "ఎడం కాలెట్టే అమ్మా" అనేవాడు. పెట్టేదాన్ని. అరికాలి కింద ఆ జిగట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. దిగీ దిగగానే బోరింగు దగ్గరికి పరిగెత్తితే అమ్మ వెనక నుంచి కేకేసేది.

"అప్పుడే కడుక్కోకే, గుణం పోతాది."

పోతే పీడా పోతుందనుకునేదాన్ని. పట్టు నిజంగా వదిలేదో లేదో నాకు తెలీదు. లేచి, నడుం విరుచుకుని, "తేలిగ్గా ఉన్నాది" అని వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకు అదే మనిషి, అదే వీపు, మళ్ళీ మా వాకిట్లోనే.

ఇంటర్ అయ్యాక స్పోర్ట్స్ ట్రైనింగ్ డిగ్రీ అని ఒకటుందని తెలిసింది. ఆటగాళ్ళకు దెబ్బ తగలకుండా ఏం చెయ్యాలి, తగిలితే ఏం చెయ్యాలి అన్నదే ఆ చదువు. "డ్రిల్లు మేష్టారి సదువు నీకెందుకే" అన్నాడు నాన్న. నడుం నొప్పి అంటే ఏమిటో ఎవరైనా పుస్తకం తెరిచి చెప్తే వినాలని నాకు పంతం. ఇంకెవరి వీపూ తొక్కకుండా బతకాలని అంతకన్నా పెద్ద పంతం.

విజయనగరం నుంచి గజపతినగరం వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. ట్రైనింగ్ రూము అని బోర్డు పెట్టిన గది నిజానికి పాత స్టోరు. రెక్సిన్ చిరిగి స్పాంజి బయటికొచ్చిన మంచం ఒకటి, దాని మీద ఎన్ని బ్యాచ్‌ల చెమట ఉందో ఆ దేవుడికే తెలియాలి. వాడేసిన క్రేప్ బ్యాండేజీలు ఉతికి, ఆరేసి, మళ్ళీ చుట్టి వాడేవాళ్ళం. విప్పితే ఎవరివో వెంట్రుకలు వచ్చేవి. దెబ్బల కోసం పెట్టిన ఐస్ పెట్టె మూత తీసిన మొదటి రోజే నేను వాసన పట్టేశాను. వంజరం. మా సారు సంతలో కొన్న చేప సాయంత్రం దాకా పాడవకుండా అందులో పెట్టుకునేవారు. చేపల కంపు వదిలించుకుందామని ఇంత దూరం వస్తే, ఆ ఐసే తీసి వాచిన మోకాళ్ళకు అద్దాల్సి వచ్చేది.

సారు మాత్రం పాఠం బాగా చెప్పేవారు, కాదనను. "నడుం నొప్పి కాల్లోకి దిగిందా, పాదం తిమ్మిరెక్కిందా, ఇంక ఆటగాడి వీపు ముట్టుకోవద్దు. ఆట ఆపండి, డాక్టరు దగ్గరికి పంపండి" అని బల్ల గుద్ది చెప్పేవారు. పరీక్షలో తప్పకుండా వస్తుందని అందరి చేతా రెండేసి సార్లు రాయించారు. ఆ రోజు నాకు గుడిలో తీర్థం పుచ్చుకున్నంత సంతోషం. ఇన్నాళ్ళకు ముట్టుకోవద్దనే మనిషి ఒకడు దొరికాడనుకున్నాను.

హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి కబడ్డీ ఆడేది. శృంగవరపుకోట వైపు రైతుల పిల్ల. కూతకు వెళ్ళిందంటే ఎవర్నో ఒకర్ని ముట్టుకోకుండా వెనక్కి వచ్చేది కాదు. స్పోర్ట్స్ కోటాలో కానిస్టేబుల్ ఉద్యోగం కొట్టాలని దాని ఆశ. అంతర్ కళాశాలల పోటీలకు ముందు ప్రాక్టీసులో ముగ్గురు కలిసి దాన్ని వెనక నుంచి పడేశారు. అప్పటి నుంచి నడుం నొప్పి. తర్వాత నొప్పి పిక్కలోకి దిగింది. ఒక రాత్రి దాని కాలి బొటనవేలు మీద నా వేలు పెట్టి "ఎత్తవే" అన్నాను. ఎత్తలేకపోయింది. పొద్దున్నే వెళ్ళి సారుకి చెప్పాను. "మ్యాచ్ ముందు అందరికీ అలాగే ఉంటుందమ్మా, భయం" అన్నారు.

ఫైనల్ రోజు నన్ను ట్రైనింగ్ రూముకి పిలిపించారు. కబడ్డీ పిల్ల ఆ చిరుగు మంచం మీద బోర్లా పడుకుని ఉంది.

"నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టావంట కదా. హాస్టలంతా చెప్పుకుంటున్నారు" అన్నారు సారు, వక్కపొడి నములుతూ. "ఓ తొక్కు తొక్కి పంపించు."

"మీరే కదా సార్ ముట్టుకోవద్దన్నారు."

"అది పరీక్షకి. ఇది మ్యాచి."

ఆ మాట విన్నాక ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. అది మంచం మీంచే నా చెయ్యి పట్టుకుంది.

"తొక్కేసే, పోతాది. ఈ మ్యాచాడకపోతే నాకు సర్టిఫికెట్టు రాదు. నీకేటి బాధ?"

"నీ కాలు పోతాదే. నాను తొక్కను, నువ్వాడకు" అన్నాను.

సారు కోప్పడలేదు. నొప్పి స్ప్రే డబ్బా తీసి, గది పొగమంచు పట్టినట్టయ్యేదాకా దాని నడుం మీద కొట్టారు. బెల్టు బిగించారు. వీపు మీద తట్టి, "పులివి నువ్వు, పో" అన్నారు. రెండో కూతలో అది వెనక్కి తిరగబోయి గీత దగ్గర కూలబడింది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి తన పాదాన్ని చేత్తో పట్టుకుని, వేరేవాళ్ళ వస్తువును చూసినట్టు చూస్తోంది.

"ఇది నాది కాదే" అంది.

ఆపరేషన్ అయింది. ఆసుపత్రి వరండాలో వాళ్ళమ్మకు సారు చెప్పింది నా చెవులారా విన్నాను. "ఆ గుంట ఒక్కసారి కాలెట్టుంటే ఇంత జరిగేది కాదమ్మా. పొగరు." ఆవిడ నా దగ్గరికి వచ్చి నిలబడింది. తిట్టినా బాగుండేది.

"ఒక్కపాలి కాలెడితే నీదేటి పోయేదమ్మా?" అంది.

నరం, డిస్క్ అని నేనేదో చెప్పబోయాను. ఆవిడ నా మొహం చూడడం లేదు. నా పాదాలకేసి చూస్తోంది. ఆ తర్వాత హాస్టల్లో నాతో మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు.

అది మళ్ళీ కాలేజీకి వచ్చింది గానీ కుడి పాదం పైకి లేవదు. నడుస్తుంటే చెప్పు జారిపోతుంది. అందుకని ట్రైనింగ్ రూములోని పాత బ్యాండేజీ ముక్కతో చెప్పును పాదానికి కట్టుకుంటుంది. పోలీసు ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తలేదు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

వేసవి ముందు సారు బండి స్టాండు వేస్తూ నడుం పట్టేసి అక్కడే వంగిపోయారు. తొక్కమని నాకు కబురు పెట్టే శ్రమ కూడా ఆయనకు లేదు, నేను ఎదురుగా వరండాలోనే ఉన్నాను. నాకేసి చూడను కూడా చూడలేదు. కారు మాట్లాడించుకుని, వెనక సీట్లో పడుకుని, తిన్నగా విశాఖపట్నం వెళ్ళి స్కానింగ్ తీయించుకున్నారు. సెలవు అయ్యాక నడుముకి బెల్టుతో క్లాసుకి వచ్చి, దిండు వేసుకుని కూర్చున్నారు.

నేను లేచి నిలబడ్డాను. "సార్, కాలెట్టమంటారా?"

వెటకారం అర్థమై తిడతారనుకున్నాను. సిగ్గుపడతారని కూడా ఒక మూల ఆశ. రెండూ లేవు. చల్లగా, ఎప్పటిలాగే పాఠం చెప్పే గొంతుతో అన్నారు.

"వద్దమ్మా. డిస్కన్నారు. ముట్టుకోకూడదు."

మా ఊరి మగాళ్ళు నా కాలిని నమ్మి పడుకునేవారు. ఈయనకు ఆ నమ్మకమూ లేదని అప్పుడు తెలిసింది. ఆ ఉప్పు వీపులన్నీ కలిపినా నాకు ఇంత అసహ్యం వెయ్యలేదు. వెనక్కి తిరిగి దానికేసి చూశాను. అది బెంచీ కిందికి వంగి, జారిన చెప్పును పాదానికి కట్టుకుంటోంది. తల ఎత్తకుండానే అంది.

"కూకోవే. ఆళ్ళ నడుం, నా నడుం ఒకటేటి?"