సంతకం కింది వరస

గూడూరులో నిమ్మకాయల మండీకి బోర్డు రాసి మూడో రోజు తిరిగొచ్చేసరికి, తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గరి ప్రైవేటు స్టాండులో వెంకటముని మోపెడ్‌కి గొలుసు పడి ఉంది. రోజువారీ చార్జీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. స్టాండు యజమాని చక్రధర్ దాని మీద ఇంకో వెయ్యి అడిగాడు.

"ఒక రోజు దాటితే ఫైను. కట్టి తీసకపో."

"యాడ రాసుండాది?"

"బోర్డు రాసింది నువ్వే గదప్పా. నన్నడగతావా?"

నిజమే. రెండేళ్ళ కిందట ఆ రేకు బోర్డు రాసింది వెంకటమునే. వరసకింత అని బేరం. నోటుబుక్కులో నమూనా రాసి చూపిస్తే, "దండగ" అని ఆఖరి వరసని చక్రధర్ తన చేత్తోనే కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు. ఆ కొట్టేసిన వరసే ఈ ఫైను.

వెంకటముని ముప్పై ఐదేళ్ళుగా బోర్డులు రాస్తున్నాడు. నెమ్మదస్తుడేమీ కాదు. రంగు దగ్గర పేచీ పెట్టుకుని పోగొట్టుకున్న గిరాకీలకు లెక్కలేదు. చేతిరాత బోర్డులు మాయమైపోతున్నాయని పేపర్లో కన్నీళ్ళు కార్చేవాళ్ళు తమకు బోర్డు కావలసొస్తే ఫ్లెక్సు షాపుకే పోతారని అతనికి తెలుసు. మిగిలినవి ఊళ్ళలో గోడల రాతలు. వాటికి బండి కావాలి. రంగు డబ్బాలతో బస్సెక్కితే కండక్టరు దింపేశాడు. వడమాలపేటలో సిమెంటు కంపెనీ గోడ ఇంకొకడి పాలయింది.

"ఆ వెయ్యీ వాడి మొహాన కొట్టి బండి తెచ్చుకోరాదా?" అంది భార్య పెంచలమ్మ. "గోడ బాయె. రేపు కూటి కుండ గూడా పోతాది."

"కడితే వాడి నోరే బోర్డు అయితాది. రేపు రెండువేలంటాడు."

"అయితే కోర్టులో రంగులేసుకో పో."

పోయాడు. వినియోగదారుల కమిషన్లో అర్జీ తనే రాసుకున్నాడు. ముందుగా తెలపని షరతుకు తాను ఒప్పుకున్నట్టు కాదు, ఆ పేరుతో బండి ఆపే హక్కు వాళ్ళకు లేదు. ఇంతే. మూడు వాయిదాలు గడిచాయి. ఎండకీ వానకీ స్టాండులో మోపెడ్ తుప్పు పట్టింది. పోరాడితే న్యాయం నడిచొస్తుందని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు, ఈ మూణ్ణెల్లూ నిచ్చెన భుజాన వేసుకుని అతనితో నడిస్తే బాగుండేది.

నాలుగో వాయిదాకి చక్రధర్ వకీలు బోర్డు ఫొటో పెట్టాడు. అట్టడుగున ఎర్రగా ఫైను వరస!

"అర్జీదారే స్వయంగా రాశాడు సార్. తెలీదనడం అన్యాయం."

వెంకటముని ఫొటో కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు.

"నా సంతకం కనబడతా ఉందా సార్? 'ముని ఆర్ట్స్' అని, కుడి పక్క మూల. బోర్డంతా అయినాకనే మేం సంతకం చేసేది. ఈ వరస దాని కింద ఉండాది. పత్రంలో సంతకం కింద ఎవురో గీకితే చెల్లుతాదా సార్?"

"చోటు లేక కింద రాసుంటావు," అన్నాడు వకీలు.

"చోటు లేదనుకుందాం సార్. మరి మీ ఆయప్ప చేత్తో కొట్టేసిందేంది?" అని నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టాడు.

చక్రధర్ తన సంతకాన్ని కాదనలేకపోయాడు. ఫైను చెల్లదని, రోజువారీ చార్జీ మూడు రోజులకే తీసుకుని బండి వదలాలని, ఆ వరస తుడిపేయాలని ఉత్తర్వు వచ్చింది.

గొలుసు తీసేసరికి రెండు టైర్లలోనూ గాలి లేదు. ఎవరు తీశారో అడగలేదు. మూడు రోజుల చార్జీ లెక్కపెట్టి ఇచ్చి, రసీదు రాయించుకున్నాడు.

"పోతా పోతా ఆ వరస తుడిచేసి పోప్పా," అన్నాడు చక్రధర్. "టర్పెంటైను నీ దగ్గరే ఉంటాది గదా."

"నేను రాసింది గాదే. రాసినోణ్ణి పిలిపించుకో," అని వెంకటముని మోపెడ్‌ని గేటు దాకా తోసి ఆగాడు. "ఆయప్ప సంతకం చెయ్యలేదు. యాడని ఎతుకుతావో ఏమో."