బస్సులో నేర్పిన స్కూటరు

నేను స్కూటరు నేర్పించిన ఒకే ఒక్క మనిషిని స్కూటరు మీద చూడనే లేదు. వాళ్లూరి దారిలో బండి చప్పుడైతే ఇప్పటికీ తలెత్తి చూస్తాను.

కదిరి నుంచి నల్లమాడ పోయే బస్సులో ఒక అక్క నా పక్కన కూచునింది. నా ఒళ్లో కొత్త క్లచ్చు వైరు చూసి, "ఏమప్పా, స్కూటరు తోలేది వస్తాదా?" అనడిగింది.

"బడి మానేసి నేర్చుకునింది అదొక్కటే అక్కా."

"మా ఇంటాయన పోయినాక ఆయన స్కూటరు మూలన పడుండాది. తోలేవాళ్లు లేరని మా మరిది రేపు అమ్మేస్తాడంట. వాడొచ్చేలోపల నేను తోలి చూపియ్యల్ల."

ముందు సీటు కమ్మీ పట్టుకోమన్నాను. అదే హ్యాండిలు. ఎడం చేత్తో క్లచ్చు పట్టి, పిడి తిప్పితే ఫస్టు గేరు. కుడి చేత్తో ఎక్సలేటరు రవ్వంత ఇస్తా, క్లచ్చు మెల్లగా వదలాల.

"మెల్లగా అక్కా! ఒకేసారి వదిలితే బండి నిన్ను ఆడ్నే దించేసి పోతాది."

ఆమె నోటితోనే డుర్రుమని ఇంజను చప్పుడు చేస్తా, నాలుగు గేర్లూ వేసింది. ముందు సీటు తాత వెనక్కి తిరిగి, "మలుపొచ్చె తల్లీ, గేరు తగ్గించు" అన్నాడు. కండక్టరు వచ్చి, "బస్సుకు ఇద్దరు డ్రైవర్లేందమ్మా! టిక్కెట్టు తీసుకొని తోలు" అన్నాడు.

వాళ్లూరొస్తే దిగింది. బస్సు కదిలినాక గుర్తొచ్చింది, బ్రేకు చెప్పనేలేదు. కిటికీలోంచి తల బయట పెట్టి, "అక్కా, బ్రేకు కుడికాలి కింద!" అని అరిచినాను.

ఆమె కొంగు బిగించి, వెనక్కి తిరక్కుండానే అరిచింది.

"ముందు కదలనీ అప్పా! ఆపేది తర్వాత చూద్దాం!"