నాకు రాదన్న పని

నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఒక్క దెబ్బ వెయ్యకుండా, ఒక్క తిట్టు తిట్టకుండా నా దొంగతనాన్ని బయటపెట్టింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఇప్పుడు అరవై దాటాయి. ఆ ఆదివారం గుర్తుకొస్తే ఈనాటికీ సిగ్గుతో తల వంచుకుంటాను.

మాది గుంటూరు పక్క నల్లరేగడి పల్లె. ఆ ఏడు మా నాన్న మిరప తగ్గించి అరెకరంలో విత్తనం పత్తి వేశాడు. అది మామూలు పత్తి సాగులా ఉండదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ సాయంత్రమే గోటితో ఒలిచి, లోపల పుప్పొడి ఉండే కాడలన్నీ తీసెయ్యాలి. మధ్యలోని సన్నటి కీలానికి గోరు తగిలిందంటే మొగ్గ రాలిపోతుంది. మర్నాడు పొద్దున వేరే రకం పూలు కోసుకొచ్చి ఆ కీలానికి పుప్పొడి అద్దాలి. దాన్ని క్రాసింగ్ పని అనేవాళ్ళం. రెండు నెలలపాటు ఒక్కరోజు కూడా నాగా పనికిరాదు. విత్తనాలిచ్చిన మనిషి వెళ్తూ వెళ్తూ, "దీనికి ఆడపిల్లలే కావాలండీ, వాళ్ళ వేళ్ళు సుతారంగా ఉంటాయి" అని ఒక మాట వదిలిపోయాడు. ఊరంతా ఆ మాటే పట్టుకుంది.

మా నాన్న దుర్మార్గుడు కాడు. తనకు తెలిసిన న్యాయం తను చూశాడు. ఒక సాయంత్రం మా అక్కకు ఒక వరస, నాకు ఒక వరస అప్పగించాడు. అక్క ఏడో తరగతి, నేను ఆరు. ఎవరికి పని చేతనైతే వాళ్ళు బడి మానాలని ఆయన నోటితో అనలేదు కానీ నాకు అర్థమైంది. మొదటి రెండు మొగ్గలూ చక్కగా ఒలిచాను. మూడో మొగ్గ దగ్గర చెయ్యి ఆగింది. రెండు నెలలు ఇలా వంగి నిలబడాలా అనుకున్నాను. బడి దగ్గర కబడ్డీ గుర్తుకొచ్చింది. గోరు కావాలనే లోతుగా దించాను. కీలం తెగింది. ముందు ఒలిచిన రెండింటినీ కూడా తుంచి గట్టవతల పారేశాను. ఇక ఆ వరసలో నేను ముట్టుకున్న మొగ్గ ఒక్కటీ మిగల్లేదు.

నాన్న నా వరస చూసి చెయ్యెత్తాడు. అక్క పరిగెత్తుకొచ్చి నాకు అడ్డం నిలబడింది.

"వాణ్ణి కొట్టొద్దు నాన్నా. మగపిల్లల చేతులు అంతే కదా. నేను చేస్తాలే" అంది.

నాన్న చెయ్యి దించాడు. నాకు దెబ్బ తప్పింది, అక్కకు బడి పోయింది.

మర్నాటి నుంచి నేను కడుపులో చల్ల కదలకుండా బడికి పోయాను. అక్క సద్దిగిన్నె పట్టుకుని అమ్మతోపాటు చేలోకి పోయింది. మూడు వారాలకే దాని వేళ్ళ కొసలు నల్లబడి, గోళ్ళు చిట్లిపోయాయి. పొద్దుపోయాక నా దగ్గర కూర్చుని, "ఇవాళ ఏడో తరగతికి లెక్కలు ఏం చెప్పార్రా?" అని అడిగేది. నాకేం తెలుసని విసుక్కునేవాణ్ణి.

ఒక బుధవారం హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు. సోమవారం హాజరు వేళకు మా అక్క రాకపోతే రిజిస్టరులో పేరు కొట్టేస్తానని, పేరు పోతే ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష రాయడానికి వీలుండదని నాన్నకు చెప్పమన్నారు. నేను చెప్పలేదు. చెబితే నాన్న మళ్ళీ నన్ను చేలోకి రమ్మంటాడేమో, ఈసారి పక్కనే నిలబడి చూస్తాడేమో అని భయం. గురువారం పోయింది, శుక్రవారం పోయింది. శనివారం రాత్రి కంచం ముందు మాట నోటిదాకా వచ్చింది. అక్క అప్పుడే చెయ్యి మండుతోందని మజ్జిగన్నం చెంచాతో తింటోంది. అది చూసి మాట మింగేశాను. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఆ నాలుగు రోజుల్లో నాకు బాగా తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం పెరట్లో పత్తికట్టె దడి మీద తూనీగలు వాలుతున్నాయి. ఒకదాన్ని పట్టుకుని తోకకు దారం కట్టి ఎగరేస్తున్నాను. అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న నాయనమ్మ చాలాసేపు నన్నే చూసి, దగ్గరికి పిలిచింది. తూనీగ రెక్క నలక్కుండా, తోక తెగకుండా ఆ ముడి విప్పగలవా అని అడిగింది. పందెం కాబోలనుకున్నాను. ఊపిరి బిగబట్టి గోటి కొసతో ముడి విప్పాను. తూనీగ తుర్రుమంది. నేను గొప్పగా నాయనమ్మ వైపు చూశాను. ఆమె నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని ఒక్కో వేలూ తిప్పి చూసింది.

"ఇంత సుతారం తెలిసిన వేళ్ళకి ఆ మొగ్గలెట్టా తెగాయిరా?"

ఏడుపు తన్నుకొచ్చింది. మొగ్గల సంగతీ, హెడ్మాస్టరు గారి మాటా అన్నీ కక్కేశాను. ఆమె నాన్నను కేకేస్తుందనుకున్నాను.

"మీ నాన్నకి నేను చెప్పను. నీకు చెలగాటం, దానికి ప్రాణసంకటం. తెల్లారితే సోమవారం. ఏం చేస్తావో నువ్వే చూసుకో" అని మళ్ళీ చింతపండు ముందుకు లాక్కుంది.

చేను మా ఇంటికి అరమైలు. ఆ రోజు ఆ దూరం ఎంతకీ తరగలేదు. రెండుసార్లు వెనక్కి తిరిగాను. నేను వెళ్ళేసరికి అమ్మా అక్కా చెరో వరసలో మొగ్గలు ఒలుస్తున్నారు. నాన్న గట్టు మీద కూర్చుని పొగాకు చుట్ట చుట్టుకుంటున్నాడు. ఎవరితోనూ మాట్లాడకుండా అక్క పక్క వరసలో నిలబడి మొగ్గ పట్టుకున్నాను. కీలానికి గోరు తగలకుండా ఒలిచాను. అలా పది మొగ్గలయ్యాక నాన్న వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఒక మొగ్గను వేలితో ఎత్తి చూశాడు.

"ఎప్పుడు నేర్చావురా?" అన్నాడు.

తప్పించుకోవడానికి ఆయనే నాకు దారి చూపించాడు. అక్కను చూసి నేర్చానంటే సరిపోయేది.

"మొదటి రోజే వచ్చు నాన్నా. కావాలనే తెంపాను. రేపు అక్క బడికి రాకపోతే పేరు కొట్టేస్తారంట. బుధవారమే చెప్పారు."

నాన్న చెయ్యెత్తాడు. ఈసారి అక్క అడ్డం రాలేదు. దెబ్బకు చెవి గింగురుమంది. నేను అక్క వైపే చూస్తున్నాను. అది నేను ఒలిచిన మొగ్గల వైపు చూస్తోంది.

ఈలోగా కర్ర పోటేసుకుంటూ నాయనమ్మ గట్టెక్కింది. "వాణ్ణి కొట్టింది చాల్లే. రోజూ చుట్టలు చుట్టే నీ వేళ్ళు మాత్రం మోటువా? వరసలో నిలబడి ఒలువు, చూద్దాం" అంది మా నాన్నతో. నాన్న చుట్ట పక్కన పెట్టాడు. రెండు మొగ్గలు తెంపాడు. మూడోది నిలిచింది.

సోమవారం అక్క బడికి వచ్చింది. పొద్దున పూట క్రాసింగ్ నాన్నా అమ్మా చేసేవారు, బడి విడిచాక నేనూ అక్కా ఒలిచేవాళ్ళం. అక్క పరీక్ష రాసింది, పాసయింది, పదో తరగతి దాకా చదివింది. ఆ ఏడు దాని క్లాసు ఆడపిల్లల్లో పొలాలకు పోయినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. వాళ్ళ ఇళ్ళల్లోనూ తమ్ముళ్ళున్నారు, ఆ తమ్ముళ్ళ చేతులకూ ఏ లోపమూ లేదు. ఆడపిల్లల వేళ్ళు సుతారమని పొగుడుతూనే వాళ్ళ నడుములు వంచాం.

అక్క ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు ఒక్కటే మాట అంది. "నీకు నిజంగా రాదని జాలిపడ్డానురా."

ఇంత జరిగినా నాకు పూర్తిగా బుద్ధి వచ్చిందని చెప్పను. పెళ్ళయ్యాక పదిహేనేళ్ళు మా ఆవిడతో నాకు అన్నం వార్చడం రాదనే చెప్పాను. పిల్లలకు జ్వరమొస్తే నాకు చూసుకోవడం రాదన్నాను. ఆవిడ నమ్మింది, లేకపోతే నమ్మినట్టు ఊరుకుంది. ఇప్పుడు మాత్రం ఇంట్లో ఏ పనికైనా ఆ మాట నోటికొస్తే ఒక్క క్షణం ఆగుతాను. నిజంగా రాదా, రాదంటే నాకు సుఖంగా ఉంటుందా అని నన్ను నేనే అడుగుతాను. చాలాసార్లు, సుఖం కోసమే.