ఎవరి ఊరు భద్రం

పాలమూరుల నాకు టీచర్ నౌకరి వచ్చినప్పుడు దిగబెట్టనీకె బాపు వచ్చిండు. కిరాయి ఇంటి తలుపు గుంజి చూసి, "పట్నంల దొంగలుంటరు బిడ్డా, పైలం" అన్నడు.

ఇంటి ఓనరు ముసలామె, ముస్లిం. ఆమె నవ్వింది. "ముప్పై ఏండ్ల సంది ఈ గల్లీల ఉంటున్న భాయ్‌సాబ్, పగటిపూట గొళ్లెం పెట్టిందే లేదు."

ఎండకాలం సెలవులల్ల ఆమెను మా ఊరికి తోల్కపోయిన. ఆత్మకూరు దాటి బస్సు దిగి, చేన్ల నడుమ నడుస్తుంటే నా చెయ్యి ఇడువలేదు.

"ఒక్క మనిషి లేడు. ఎవరన్న అడ్డమొస్తె ఎవర్ని పిలుస్తం బేటీ?"

ఎదురొచ్చిన బాపు, "నేనున్న గద అక్కా" అని ఆమె సంచి అందుకున్నడు.

ఉన్న నాలుగు రోజులు ఇద్దరు అరుగు మీద కూసోని, ఏ ఊరు భద్రమో చాయ చల్లారేదాక వాదులాడుకున్నరు. నేను ఎవరి దిక్కు మాట్లాడలేదు. నాకు రెండు జాగలల్ల నిద్ర మంచిగనే పట్టేది.