ఏలీయా విన్న గొంతు

దేవవరం ఎక్కడ కూర్చున్నా అరచెయ్యి గోడకు ఆనించే కూర్చుంటాడు. బొగ్గుబావిలో ఏళ్ల తరబడి డ్రిల్లు పట్టి చెవులు పోగొట్టుకున్నాడు. ఆ రోజుల్లో గని పైకప్పును కర్రతో తట్టి, రెండో చేత్తో అదురు చూసి, బండ గట్టిదో వదులైందో చెప్పేవాడు. ఇప్పటికీ ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే, గోదావరిఖనిలోని తన ఇంట్లో గిన్నెలకన్నా ముందు అతని చేతికే తెలుస్తుంది. చర్చిలో మాత్రం పాస్టరు అయ్యగారి పెదవులు చూస్తూ కూర్చుంటాడు. ఇంటికొచ్చాక ఆయన చెప్పిందంతా భార్య రాహేలు అతని చెవిలో అరిచి చెప్పాలి.

ఈ ఆదివారం ఏలీయా ప్రవక్త కథ. రాహేలు అరిచి చెప్పింది: "బతుకు మీద ఆశ ఇడ్సి గుహల పండుకున్నడట. గాలొచ్చింది, భూమి అదిరింది, అగ్గొచ్చింది. వాటిల్ల దేవుడు లేడు. ఆఖరుకు సన్నగ ఒక గొంతు, 'ఈడేం జేస్తున్నవ్? లేచి పో, నీతోని ఇంకా పనున్నది' అన్నదట."

దేవవరం గోడను వేళ్లతో తట్టాడు. "అదురుడు సూసిన, అగ్గి సూసిన. గంత సన్నగ పిలిస్తే నాకెట్ల ఇనవడ్తదే?"

రాహేలు కళ్లు మూసుకుని మెల్లగా ప్రార్థన మొదలుపెట్టింది. అతను గోడ మీది చెయ్యి తీసి ఆమె వీపుకు ఆనించాడు. అరచేతికి సన్నటి అదురు తగిలింది. ఆమె ఆమెన్ అని ఆగింది.

"ఆపకు," అన్నాడు చెయ్యి తియ్యకుండానే. "ఇప్పుడిప్పుడే వస్తున్నది."