లాంచీకి తూర్పు సింహద్వారం

మిలటరీ వదిలించుకున్న పాత లాంచీలు చివరికి ఎవరి చేతికి చేరాయో వెతకడం నాకొక పిచ్చి. తొంభైల చివర్లో ఆ పిచ్చే నన్ను వరంగల్ నుంచి విజయవాడకు లాక్కొచ్చింది. ఉయ్యూరు చెరుకు రైతు సుబ్బారావు గారు అలాంటి లాంచీ ఒకదాన్ని వేలంలో కొని, సోఫాలూ కర్టెన్లూ పెట్టించి, బ్యారేజీకి ఎగువన షికార్లు కొడుతున్నారు.

నన్నూ ఎక్కించుకున్నారు. భవానీ ద్వీపం దాకా పడమరగా హాయిగా వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం లాంచీ ముఖం తిప్పలేదు. రివర్సులోనే బయల్దేరింది. ఎదురొచ్చిన జాలర్లు ఇదంతా మామూలే అన్నట్టు పక్కకు తప్పుకున్నారు.

"ఇంజనేమైనా పాడైందాండీ?" అన్నాను కంగారుగా.

"అబ్బే! దీని సింహద్వారం వెనక వైపుందండీ. అదెప్పుడూ తూర్పే చూడాలన్నారు మా వాస్తు సిద్ధాంతి గారు," అన్నారు సుబ్బారావు గారు.

"దాంతోపాటు నా మెడ కూడానండీ," అని గొణిగాడు వెనక్కి తిరిగి నడుపుతున్న డ్రైవర్ మస్తాన్.

"మరి ఇంత మంచి లాంచీని మిలటరీ వాళ్లెందుకు అమ్మేశారండీ?" అని అడిగాను. ఆ సంగతి కోసం ఏడాదిగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నా ఎవరూ చెప్పలేదు.

సుబ్బారావు గారు నావంక జాలిగా చూశారు.

"పద్ధతీ పాడూ లేకుండా సింహద్వారాన్ని నాలుగు దిక్కులా తిప్పారు. అమ్ముకోక ఏం చేస్తారండీ?"

ఏడాది తిరిగితే నాకు దొరికిన కారణం అదొక్కటే. అదే రాసుకున్నాను.