జవాబు చెప్పని మేడం

ముబీనాకి తెలుగు టైపింగ్ వచ్చు. తనంత వేగంగా కొట్టేవాళ్లు విజయవాడ వన్ టౌన్ మొత్తంలో లేరని ఆమె నమ్మకం. చాలావరకు అది నిజమే. రోజూ పొద్దున్నే ఉయ్యూరులో బస్సెక్కి వచ్చి, కాగితాల హోల్‌సేల్ కొట్టు పక్కనున్న ‘కృష్ణవేణి డిజైన్ పాయింట్’లో పెళ్లి కార్డులు, బారసాల కార్డులు టైపు చేసేది. దాని యజమాని రామకోటేశ్వరరావు గారు అదే మేడ మీద గ్రాఫిక్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. తొంభై తొమ్మిది ఆగస్టులో అక్కడ పాఠాలు చెప్పే మాస్టారు కోర్సు సగంలో వదిలేసి హైదరాబాదు వెళ్లిపోయాడు.

“కొత్తాయన దొరికేదాకా పైన క్లాసు నువ్వు చూసుకో అమ్మాయ్. ఏదైనా కంప్యూటరే కదా” అన్నారు రావుగారు.

కొత్తాయన దొరకలేదు. వెతికితే కదా దొరకడానికి.

ముబీనాకి ఫోటోషాప్ తెరవడం వచ్చు, మూయడం వచ్చు. ఆ రెండింటికీ మధ్య చేసేదేమిటో తెలియదు. ఆ మాట అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. కానీ టీచరు కావాలన్నది ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక. డిగ్రీ అయ్యాక బీఎడ్ సీటు రాక ఆ కోరికను మడిచి పెట్టెలో పెట్టేసింది. ఇప్పుడెవరో పిలిచి సుద్దముక్క చేతికిస్తుంటే వద్దనడానికి నోరు రాలేదు. తలూపి మెట్లెక్కింది.

మొదటి రోజే ఇశ్రాయేలు అనే కుర్రాడు లేచి నిలబడ్డాడు. “మేడం, స్క్రీన్ మీద నిప్పులాగా ఉండే ఎరుపు ప్రింటులోకి వచ్చేసరికి ఇటుక రంగు ఎందుకైపోద్ది?”

క్లాసంతా ముబీనా వంకే చూస్తోంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది: “మీరేమనుకుంటున్నారు?”

అంతే. ఒకడు తప్పు సిరాదన్నాడు. ఇంకొకడు కాగితానిదన్నాడు. ఒకమ్మాయి మానిటర్లే నాసిరకం అంది. నలభై నిమిషాలు పోట్లాడుకుని, ఏమీ తేల్చకుండా, ఎంతో నేర్చుకున్నట్టు మొహాలు వెలిగించుకుని మెట్లు దిగారు. “క్లాసు భలే జరిగిందండీ” అని రావుగారితో చెప్పి మరీ వెళ్లారు.

ఆ సాయంత్రం ముబీనా వెనక సందులో ఉన్న ఆఫ్‌సెట్ ప్రెస్సుకు వెళ్లింది. అక్కడ మెషీన్ నడిపే కాశిం చాచా ఆమెకు దూరపు చుట్టం. ఇశ్రాయేలు ప్రశ్నే ఆయన్ని అడిగింది.

“అక్కడుండేది వెలుతురు బేటీ, ఇక్కడుండేది సిరా. వెలుతురుకున్న మెరుపు సిరాకి ఎక్కణ్ణుంచి వచ్చిద్ది?” అన్నాడాయన చేతులు తుడుచుకుంటూ.

మర్నాడు క్లాసులో ఆ మాట చెప్పేయాలనే వెళ్లింది. కానీ ఒక ప్రశ్నకు జవాబు చెబితే రెండోది అడుగుతారు, రెండోదానికి తన దగ్గర ఏముంది? భయపడి ఊరుకుంది. ఊరుకోవడానికి ఒక పద్ధతి కూడా కనిపెట్టింది. శనివారం శనివారం చర్చ. విషయం విద్యార్థులే ఎంచుకోవాలి, వాళ్లలోనే ఒకరు నడపాలి, చివర చేతులెత్తి తేల్చుకోవాలి. మేడం మాత్రం కలగజేసుకోరు.

పిల్లలు రెచ్చిపోయారు. పెళ్లి కార్డుకి నాలుగు మూలలా నలుగురు దేవుళ్లు ఉండాలా, ఒక్కరు చాలరా? శాంపిల్ ఆల్బంలోంచి ఎత్తిన డిజైను దొంగతనమా, వాడుకా? ఖాళీగా వదిలిన జాగా అందమని కస్టమర్‌ని ఒప్పించడం ఎలా? ఈ ఆఖరి దాని మీద మూడు వారాలు తర్జనభర్జన పడి, ఒప్పించలేమని ఏకగ్రీవంగా తేల్చారు. వెనక బల్ల మీద కూర్చుని ముబీనా పొడుగాటి నోట్‌బుక్కులో గబగబా రాసుకునేది. మార్కులు వేస్తున్నారనుకుని పిల్లలు నిటారుగా కూర్చునేవారు. ఆమె రాసుకునేది పాఠం.

ఒకసారి ఏదో కాలేజీ ప్రిన్సిపాల్ గారు చూడ్డానికి వచ్చారు. గంటసేపు మేడం నోరు విప్పకపోవడం చూసి ముగ్ధులైపోయారు. “ఇది చాలా అడ్వాన్స్‌డ్ పద్ధతండీ. తెలిసినవాళ్లు మౌనంగా ఉండటం ఎంత కష్టమో” అన్నారు. రావుగారు వెంటనే బోర్డు మార్పించి ‘విద్యార్థులే నడిపే చర్చలు’ అని పెద్దక్షరాల్లో రాయించారు. ముబీనాకి ఆ రోజు అన్నం సయించలేదు.

అయితే మూడేళ్లలో ఒక సంగతి జరిగిపోయింది. పిల్లల దగ్గర విన్నదీ, మధ్యాహ్నాలు మెషీన్ పక్కన నిలబడి కాశిం చాచా దగ్గర చూసిందీ కలిసి ఆమెకు పని నిజంగానే వచ్చేసింది. స్క్రీన్ మీద డిజైను చూస్తే కాగితం మీద ఏమవుతుందో చెప్పగలదు. చెప్పమని అడిగేవాళ్లే లేరు. మేడం జవాబు చెప్పరన్న పేరు ఆమెకంటే ముందు నడుస్తోంది.

రెండు వేల రెండులో రావుగారు గన్నవరంలో బ్రాంచి పెట్టబోతూ ఆమెను పిలిచారు. “పైన పిల్లలకి పిల్లలే చెప్పుకుంటున్నారు కదా అమ్మాయ్. నువ్వు ఊరికే కూర్చోవడం దేనికి? కింద టైపింగ్ పేరుకుపోతోంది.”

ముబీనాకి కిందికి దిగాలనిపించలేదు. టైపింగ్ చిన్న పనని కాదు. మేడం అనే పిలుపు లేని శనివారాన్ని ఆమె ఊహించుకోలేకపోయింది. జీవితంలో మొదటిసారి నోరు తెరిచి అడిగింది. “నన్ను గన్నవరంలో టీచరుగా వేయండి సార్.”

రావుగారు గడ్డం గోక్కున్నారు. “సరే. ఆ బ్రాంచి పాంప్లెట్టు నీ క్లాసు చేత చేయించు. అదెలా వచ్చిద్దో చూసి చెబుతా.”

ఆ శనివారం చర్చ కీర్తన నడిపింది. చురుకైన పిల్ల. మానిటర్ మీద పాంప్లెట్టు పెట్టింది. రంగుల అచ్చుకి వాడే నాలుగు సిరాలూ కలిపిన చిక్కటి నలుపు, దాని మీద నూలుపోగుల్లాంటి తెల్లటి తెలుగు అక్షరాలు. తెర మీద చూడ్డానికి రెండు కళ్లూ చాలడం లేదు. ముబీనా లేచి నిలబడింది.

“ఈ నలుపులో ఇంత సన్నక్షరాలు నిలవవు. తెల్లగా వదిలిన చోటు చుట్టూ నాలుగు సిరాలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడాలి. మెషీన్లో కాగితం వెంట్రుకవాసి జరిగినా ఒత్తులూ గుడులూ పూడిపోతాయి. అక్షరం లావు చెయ్యండి, లేదా ఒక్క నల్ల సిరాయే వాడండి.”

హర్షవర్ధన్ అనే కుర్రాడు మెల్లగా నవ్వాడు. “అర్థమైంది మేడం.”

“ఏమర్థమైంది?”

“మా సీనియర్స్ ముందే చెప్పారు. మేడం ఎప్పుడూ జవాబు చెప్పరు, చెప్పారంటే అది పరీక్షేనని.”

“మేము మా మాట మీద నిలబడతామా లేదా అని చూస్తున్నారు” అంది కీర్తన.

“పరీక్ష కాదమ్మా. నిజంగానే చెబుతున్నా. కావాలంటే ప్రెస్సులో కాశిం గారిని అడగండి.”

“ఇలాగే అంటారని కూడా చెప్పారు మేడం” అన్నాడు హర్షవర్ధన్, ఎంతో గౌరవంగా.

చేతులెత్తించారు. నలుపుకి పద్నాలుగు. వ్యతిరేకంగా ఒక్కటి. అదీ మేడందే కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

అప్పుడే కిందికి దిగి రావుగారితో చెప్పి ఆపించవచ్చు. మెట్ల దాకా వెళ్లింది కూడా. తెలిసినదానివి మూడేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలి? అదొక్కటే కాదు. ఎవరెంత చెప్పినా తగ్గని ఆ పిల్లల్ని చూస్తే ఆమెకు కోపంతో పాటు కాస్త గర్వం కూడా కలిగింది. వాళ్లను అలా తయారు చేసింది తనే. వెనక్కి వచ్చి, పాంప్లెట్టుని అచ్చుకి పంపే కాగితం మీద సంతకం పెట్టింది.

“ఇది పూడిపోద్ది బేటీ” అన్నాడు కాశిం చాచా, అచ్చు ప్లేటు చూడగానే.

“తెలుసు చాచా” అంది.

ఆయన మెషీన్‌ని బతిమాలినట్టు నెమ్మదిగా నడిపాడు. లాభం లేకపోయింది. అడ్రసు పూడిపోయింది, ఫోన్ నంబరు పూడిపోయింది, కోర్సుల పేర్లు మసిగుడ్డతో తుడిచిన పలకలా అయ్యాయి. గన్నవరం బస్టాండులో పంచితే జనం వాటిని తిరగేసి తెల్లగా ఉన్న వైపు వేరుశనక్కాయలు పోసుకుని తిన్నారు. క్లాసులో మాత్రం ఎవరూ కుంగిపోలేదు. ‘ఈ లోపం ఎలా వచ్చింది?’ అని వచ్చే శనివారానికి విషయం ఖాయం చేసుకున్నారు.

రావుగారు ఒక పాంప్లెట్టు బల్ల మీద పరిచి ఆమెను పిలిచారు. “ఇలా అవుద్దని నీకు ముందు తెలుసా?”

“తెలుసండీ. క్లాసులో చెప్పాను కూడా.”

“వాళ్లేమన్నారు?”

“ఓటేసి కాదన్నారండీ.”

ఆయన తిట్టలేదు. “తెలిసిన టీచరు ఓటుకి పెట్టిద్దా అమ్మాయ్? టీచరంటే చెయ్యి పట్టుకుని ఆపాలి గదా” అన్నారు నీరసంగా.

మూడేళ్లలో ఆయన ఆమెను టీచరు అనడం అదే మొదలు. ముబీనా “అవునండీ” అంది. సోమవారం నుంచి కింద టైపింగ్ చూసుకోమన్నారు. దానికీ “అలాగేనండీ” అంది.